నాన్న చందా పుస్తకం

2025 ఆగస్టు 18, సోమవారం
నడిగూడెం

కోదాడ నుంచి ట్రంకు పెట్టె వచ్చింది. నాన్న ప్రెస్సు నడిపిన మడిగెలు కూల్చి కొత్తవి కడతారట. సామానంతా ఈ నెలాఖరుకు తీసేయమన్నారు. ట్రెడిల్ మిషన్ ఎప్పుడో ఇనుప తూకానికి పోయింది. కేసుల చెక్కలు పోయాయి. మిగిలింది ఈ పెట్టె ఒక్కటే.

సాయంత్రం కూర్చుని పైపైన చూశాను. అడుగున నాన్న నడిపిన పత్రిక బైండు ఫైళ్లు ఉన్నాయి, మధ్యలో కొన్ని ఏళ్లవి లేవు. వాటి మీద డిక్లరేషన్ నకలు, ఆర్‌ఎన్‌ఐ రిజిస్ట్రేషన్ కాగితం, తపాలా వాళ్ల లైసెన్సులు, ప్రకటనల బిల్లుల పుస్తకాలు, తిరిగొచ్చిన వి.పి. కట్టలు, పాఠకుల కార్డులు. పాత గుడ్డలో చుట్టిన జింకు బ్లాకులు కొన్ని. అన్నిటికంటే పైన, నాన్న ఎప్పుడూ చేతికందేలా పెట్టుకునే చోటనే, చందాల రిజిస్టర్లు.

మిర్యాలగూడ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, పత్రిక ఫైళ్లు దాచుదాం. ఆ లెక్కల పుస్తకాలు, కార్డులు ఏం చేసుకుంటవే? ఇంట్లో చెదలు తప్ప వాటితో వచ్చేదేముంది?"

"చూసి చెప్తా తమ్ముడూ, నువ్వు తొందరపడకు" అన్నాను. వాడి మాటలో తప్పు లేదు. వాడి ఇంట్లో చోటు లేదు, నా ఇంట్లోనూ పెద్దగా లేదు. కానీ అవి చూడకుండా పారేయడానికి నాకు మనసొప్పలేదు.

ఆగస్టు 20, బుధవారం

నిన్నా ఇవ్వాళా రిజిస్టర్లతోనే సరిపోయింది.

నాన్న ఊళ్ల వారీగా పేజీలు కేటాయించారు. మునగాల, సిరిపురం, కరివిరాల, రత్నవరం, చిలుకూరు, హుజూర్‌నగర్, నేలకొండపల్లి. ప్రతి పేరు ఎదుటా ఆ మనిషి చేసే పని రాశారు: బడిపంతులు, ఎరువుల దుకాణం, పోస్ట్‌మాస్టరు, ఆర్‌ఎంపీ, గ్రామ సేవకుడు, రైసు మిల్లు గుమస్తా, దర్జీ. ఆ పక్కన చందా కట్టిన తేదీ. కట్టని వాళ్ల ఎదుట ఎర్ర సిరాతో చుక్క. ఎర్ర చుక్క పడ్డ వాళ్లకు కూడా పత్రిక పోతూనే ఉందని తపాలా ఖర్చుల పుస్తకం చెబుతోంది. ఒక పేజీ అంచున, "ఈ ఏడు పంట పోయింది, అడగొద్దు" అని నాన్న చేతిరాత.

పత్రికలో నాన్న రాసింది ఉంది, ఆ రాతను నిలబెట్టిందెవరో ఈ పుస్తకంలో ఉంది. ఈ రెండో పుస్తకం లేకపోతే ఆయన రాసినదంతా గాల్లోంచి ఊడిపడ్డట్టు కనిపిస్తుంది.

నాలుగు పేజీల పత్రిక అచ్చు కావడానికి ఎంత పని ఉండేదో ఈ కాలపు పిల్లలకు చెప్పాలనిపిస్తుంది. తెలుగు కేసు పెద్దది. అక్షరాలు, గుణింతాలు, వత్తులు, వేటి గడి వాటిదే. కంపోజిటరు నిలబడే చేస్తాడు. ఎడమచేతిలో స్టిక్కు, కుడిచేత్తో ఒక్కో సీసపు అక్షరం ఏరి తిరగేసి పేర్చడం. వత్తు కింద కూర్చోవాలి, జారితే వరస మొత్తం వంకర పోతుంది. స్టిక్కు నిండితే గేలీలోకి, గేలీ నిండితే ప్రూఫు. నాన్న దిద్దాక మళ్లీ తప్పులు తీసి, పేజీ కట్టి, చేజులో బిగించి మిషన్ ఎక్కించాలి. అచ్చయ్యాక కిరసనాయిలుతో అక్షరాలు కడిగి, ఏ గడిది ఆ గడిలో తిరిగి వేయాలి. టైపు తక్కువ గనక మొదటి రెండు పేజీల అక్షరాలు తిరిగి కేసులో పడితే గానీ తర్వాతి రెండు పేజీలు కంపోజు చేయలేరు. పత్రిక ఆలస్యమైందంటే కారణం ఎక్కువసార్లు ఇదే. వార్తల్లేక కాదు, "ర"వత్తులు చాలక.

ఫిబ్రవరి దాటాక వచ్చే మొదటి సంచికలో పత్రిక ఎవరిదో చెప్పే నాలుగో నంబరు ఫారం వేయాలని 1956 నాటి నిబంధన ఉండేది. నాన్న ఒక్క ఏడూ తప్పలేదు. ప్రచురణ స్థలం, ఎన్నాళ్లకొకసారి వస్తుంది, ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, యజమాని. చివరి నాలుగు చోట్లా ఆయన పేరే. కింద సంతకమూ ఆయనదే. ఏటేటా ఆ సంతకం మారుతూ వచ్చింది. చివరి ఏళ్లలో వణుకు తెలుస్తోంది.

ఆగస్టు 22, శుక్రవారం

నాన్న పత్రికలో ఏటా ఈ తేదీకి దగ్గరగా వచ్చే సంచికలో ఒక వ్యాసం ఉంటుంది: షోయబుల్లా ఖాన్ మీద. ఫైళ్లు ఉన్నంతవరకు అన్ని ఏళ్లవీ చూశాను. వాక్యాలు మారాయి గానీ విషయం మారలేదు.

షోయబుల్లా ఖాన్ పుట్టింది ఇప్పటి మహబూబాబాద్ ప్రాంతంలో, 1920లో. 1947 నవంబరులో హైదరాబాదులో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక పెట్టాడు. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవాలని ముస్లిం ప్రముఖులు ఏడుగురు ఇచ్చిన ప్రకటనను అచ్చు వేశాడు. తాను రాయవలసింది తాను రాశాడు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి, ఆఫీసు నుంచి ఇంటికి నడిచి వస్తుంటే కాచిగూడ దగ్గర నిజాం పక్షపు రజాకార్లు కాపుకాసి దాడి చేశారు. రాసే చేయి నరికేశారు. తెల్లవారేసరికి చనిపోయాడు. అప్పటికి ఇరవై ఏడేళ్లు. సంస్థానం మీద భారత సైన్యం పోలీసు చర్య మొదలు కావడానికి నెల రోజులు కూడా లేదు.

నాన్నకు ఉర్దూ చదవడం వచ్చు. ఇమ్రోజ్ సంచికలు చూడలేదని మాత్రం ఎప్పుడూ బాధపడేవారు. "మనిషిని ఎట్ల చంపిండ్రో అందరికి తెలుసు బిడ్డా, ఆయన రోజూ ఏం రాసిండో చదివినోళ్లెందరు?" అనేవారు. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

ఆగస్టు 24, ఆదివారం

నల్లగొండలో 'నీలగిరి' వారపత్రిక మొదలైన రోజు. 1922 ఆగస్టు 24. నడిపింది షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు.

అప్పటి పరిస్థితి తెలిస్తే గానీ అది ఎంత పనో అర్థం కాదు. సంస్థానంలో కొలువు భాష ఉర్దూ. బడిలో, కచేరీలో, కోర్టులో అదే. జిల్లాలో తెలుగు చదవగలిగిన వాళ్లే తక్కువ, చదివి డబ్బు కట్టగలిగిన వాళ్లు ఇంకా తక్కువ. సభ పెట్టాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాల్సిందే. అంతకు ముందటి ఏడే, 1921 నవంబరులో, హైదరాబాదులో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను ఎగతాళి చేస్తే ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ ఊపులోనే జిల్లా కేంద్రంలో కూర్చుని ఒకాయన తెలుగు వారపత్రిక తెచ్చాడు. సంస్కరణ, గ్రంథాలయాలు, చదువు, ఇవి ఆయనకు ఇష్టమైన విషయాలు. నాలుగైదేళ్లకు మించి నడవలేదు. నడిచినన్నాళ్లూ జిల్లాకు తెలుగులో ఒక గొంతు ఉండింది.

నాన్న నోటుబుక్కులో షబ్నవీసు వారి పేరు కింద ఒక్క మాట: "చందాదారులు ఎవరు?" దాని కింద పేజీ ఖాళీ.

నీలగిరి మీద నేను చదివిన వ్యాసాలన్నిటిలో సంపాదకుడి పేరు, తొలి సంచిక తేదీ ఉన్నాయి. అక్కడితో ఆగిపోతాయి. సూర్యాపేటలో ఆ పత్రిక తెప్పించుకున్నదెవరు, కోదాడలో ఎవరింట్లో పదిమంది కూడి చదివించుకున్నారు, బాకీ ఎంత మిగిలింది, ఆగిపోయిన రోజు ఆయన ఎవరికి ఉత్తరం రాశాడు? జిల్లా చరిత్ర అంటే నా దృష్టిలో ఇవీ. తేదీలను మాత్రమే దాచుకున్నాం, మనుషులను దాచుకోలేదు.

ఇంకొకటి. 1922లో నడిగూడెం నల్లగొండ జిల్లాలో లేదు. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ మునగాల పరగణా మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో. 1959లో గానీ నల్లగొండలో కలవలేదు. అంటే నిజాం ఆంక్షలు కోదాడలో చెల్లుతాయి, మా పొలిమేర దాటాక చెల్లవు. బందరు నుంచి కృష్ణాపత్రిక మాకు మా జిల్లా పత్రికగానే వచ్చేది. అలాగని ఇక్కడ అంతా స్వేచ్ఛ అనుకోకూడదు. 'స్వరాజ్య' పత్రికలో రాసిన రాతకు 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని జైలుకు పంపింది ఆ మద్రాసు ప్రభుత్వమే.

ఆగస్టు 27, బుధవారం
వినాయక చవితి

పూజ అయ్యాక పత్రి సర్దుతూ నాన్న మాట గుర్తొచ్చింది. ఆగస్టు 27 'తెనుగు పత్రిక' పుట్టినరోజు. నీలగిరికి మూడు రోజుల తర్వాత, ఇనుగుర్తి అనే పల్లెటూరి నుంచి ఒద్దిరాజు సోదరులు తెచ్చారు. సీతారామచంద్రరావు గారు, రాఘవ రంగారావు గారు. ప్రెస్సును ఊళ్లోకి తెచ్చుకున్నారు. తామే రాసి, తామే అక్షరాలు కూర్చి, తామే అచ్చొత్తి, తామే చిరునామాలు రాసి పోస్టుకు మోసేవారు. నవలలు రాశారు, గ్రంథమాల నడిపారు, రకరకాల చేతిపనులు నేర్చారు.

నాన్న తన ప్రెస్సు గోడకు ఎవరి ఫోటోనూ పెట్టలేదు. సుద్దముక్కతో "ఇనుగుర్తి" అని రాసుకున్నారు. కూలీ దొరక్క పత్రిక ఆపుదామని అమ్మ అన్నప్పుడల్లా ఆ పేరు చూపించేవారు. అమ్మ ఏమీ అనకుండా వచ్చి పత్రికలు మడతపెట్టేది. అంటించే జిగురు అమ్మే కాచేది. ఈ మాట ఎక్కడా అచ్చు కాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆగస్టు 30, శనివారం

మా ఊళ్లోని మునగాల రాజా వారి కోట వైపు వెళ్లాను.

ఆగస్టు పదిహేను వచ్చిందంటే మా ఊరి పేరు అందరికీ గుర్తొస్తుంది, పింగళి వెంకయ్య గారి వల్ల. రాజా వారి పిలుపు మీద ఇక్కడికొచ్చి పత్తి సాగు మీద ప్రయోగాలు చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్నారు. జాతీయ పతాకం మీద ఆయన పుస్తకం 1916లో అచ్చయింది. దాని మీద ఊరికి గర్వం ఉండటం న్యాయమే. నాకు మాత్రం ఈ కోటలో ముందు గుర్తొచ్చే మనిషి కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు.

పెనుగంచిప్రోలులో 1877లో పుట్టి, నాగపూరులో చదివి, మరాఠీ పత్రికలకు వ్యాసాలు రాసి, మునగాల సంస్థానానికి దివానుగా నడిగూడెం వచ్చారు. రాజా నాయని వెంకట రంగారావు గారు అండగా ఉన్నారు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఆయన చొరవతో వెలిశాయి. ఆ మండలి తొలి పుస్తకం గాడిచర్ల వారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. చందాదారులను ముందే చేర్చుకుని, వాళ్లకు తక్కువ ధరకు పుస్తకాలు పంపే పద్ధతి. చరిత్ర, సైన్సు, ఆర్థికశాస్త్రం తెలుగులో వరసగా అచ్చయ్యాయి. ఆ తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. మొదటి సంపుటం 1915లో వచ్చింది. మూడు సంపుటాలు వచ్చినా "అ" అక్షరమే నడుస్తోంది. 1923 జూలై 12న మద్రాసులో కన్నుమూశారు. నలభై ఆరేళ్లకే.

ఆయన అక్క భండారు అచ్చమాంబ గారు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి, 1905లో ముప్పై ఏళ్లకే పోయారు.

నాన్న ఈ విషయంలో ఒక మాట తప్పకుండా చెప్పేవారు. పుస్తకాలకు పెట్టిన డబ్బు రాజా వారి ఖజానాదే, ఆ ఖజానా నిండింది పరగణా రైతుల శిస్తుతో. అదే పరగణాలో 1930లలో నండూరి ప్రసాదరావు గారి నాయకత్వంలో రైతులు జమీందారీ మీద కొట్లాడారు. గ్రంథమండలి చరిత్ర రాసేవాళ్లు రైతులను వదిలేస్తారు, రైతుల పోరాటం రాసేవాళ్లు గ్రంథమండలిని వదిలేస్తారు. ఈ ఊళ్లో పుట్టిన వాళ్లకు రెండూ ఒకే కథ. నాన్న పత్రికలో రెండింటికీ చోటు దొరికింది. అది ఆయన చేసిన మంచి పనుల్లో ఒకటి అని నా అభిప్రాయం.

సెప్టెంబరు 1, సోమవారం

పోయిన ఏడాది ఇదే రోజు వానలకు కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. వరి పొలాల్లో ఇసుక మేట వేసింది. పెద్ద పత్రికల్లో, టీవీల్లో వచ్చింది. రెండు రోజులు వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత ఏ రైతు పొలంలో ఇసుక ఎవరు తీశారు, ఎవరికి పరిహారం అందింది, ఎవరికి అందలేదు? ఇవి కోదాడలోనో మునగాలలోనో అచ్చయ్యే పత్రిక మాత్రమే వారం వారం అడగగలదు. నాన్న ఉంటే మొదటి పేజీలో ఊరి పేరు, సర్వే నంబరు వేసి అడిగేవారు. పట్టించుకోకపోతే మరుసటి వారం అదే చోట అదే ప్రశ్న మళ్లీ వేసేవారు. ఫైళ్లలో ఒక చెరువు తూము మీద అలా వేసిన వార్తలు వరసగా కనిపించాయి. చివరి దాని శీర్షిక: "తూము బాగైంది."

చిన్న పత్రికలు ఎందుకు ఆగాయని అడిగితే కారణాలు తెలిసినవే. పెద్ద దినపత్రికలు జిల్లా అనుబంధాలు తెచ్చాయి, ఊరి వార్త అందులోకి పోయింది, దాని వెనకే దుకాణాల ప్రకటనా పోయింది. సీసం పోయి డీటీపీ వచ్చింది, ఆఫ్‌సెట్ వచ్చింది. కాగితం ధర, తపాలా ఖర్చు. తర్వాత చేతిలో ఫోను. ఎవరినీ నిందించేది లేదు. అయితే చిన్న పత్రికల పేరుతో బెదిరించి డబ్బు గుంజే వాళ్లూ తయారయ్యారు, ఆ మచ్చ నిజాయితీగా నడిపిన వాళ్లందరికీ అంటింది. నాన్నను అన్నిటికంటే ఎక్కువ కుంగదీసింది అదే. ప్రకటన బిల్లుకు వెళ్తే "ఎంతిస్తే రాయకుండా ఉంటరు?" అని ఒకాయన అడిగిన రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

సెప్టెంబరు 3, బుధవారం

తమ్ముడు వచ్చాడు. రిజిస్టరు వాడి ముందు పెట్టాను. మొదట నిలబడే తిప్పాడు, తర్వాత కూర్చున్నాడు.

"అక్కా, మా లెక్కల సారు పేరు ఉందే. ఎర్ర చుక్క కూడా ఉంది."

"తర్వాతి పేజీ చూడు. మూడేళ్ల బాకీ ఒక్కసారే కట్టిండు."

చాలాసేపు చదివాడు. పోయేటప్పుడు, "కార్డులు కూడా పారెయ్యకే" అన్నాడు.

ఏం చేయాలో అనుకున్నాం. ముందు ప్రతి పేజీ ఫోనులో ఫోటో తీయాలి, ఎండలో కాదు, కిటికీ పక్క వెలుగులో. పిన్నులు తుప్పు పడతాయి గనక తీసేయాలి. చిరిగిన చోట టేపు అంటించకూడదు, అది కొన్నేళ్లకు కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. మడతలు విప్పి పడుకోబెట్టి పెట్టాలి. అసలు కాగితాలు ఇంట్లో ఉంచుకోవడం మంచిది కాదు, బాధ్యతగా చూసే గ్రంథాలయానికి రసీదు తీసుకుని ఇవ్వాలి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికలు కాపాడుతూ వచ్చింది. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ప్రెస్ అకాడమీ వారు ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, గోలకొండ పత్రికలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. కాబట్టే 1926లో మొదలైన గోలకొండ పత్రికలో సురవరం ప్రతాపరెడ్డి గారు ఏ వారం ఏం రాశారో ఈ ఊళ్లో కూర్చుని చదవగలుగుతున్నాం. దాచిన పత్రికకే రెండో జన్మ.

సెప్టెంబరు 5, శుక్రవారం

గ్రంథాలయంలో, పంచాయతీ దగ్గర అంటించడానికి ఈ ప్రకటన రాశాను. తమ్ముడు మిర్యాలగూడలో, సూర్యాపేటలో అంటిస్తానన్నాడు. మరిచిపోకుండా ఇక్కడ నకలు.

"నడిగూడెం, మునగాల, కోదాడ, హుజూర్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల పెద్దలకు నమస్కారం. మీ ఇంటి అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఈ ప్రాంతంలో అచ్చయిన పాత పత్రికలు ఉండవచ్చు. వార, పక్ష, మాస పత్రికలు, కరపత్రాలు, ఏవైనా సరే. వాటితో పాటు చందా రసీదులు, వి.పి. కూపన్లు, సంపాదకులు రాసిన కార్డులు, ప్రెస్సు లెక్కల పుస్తకాలు కూడా విలువైనవే. పాత కాగితాల తూకానికి వేయకండి. మీ వస్తువు మీ దగ్గరే ఉంచుకోండి, ఫోటో తీసుకోవడానికి ఒక్క పూట ఇవ్వండి చాలు. మీ ముత్తాత పేరు ఏదో ఒక చందా పుస్తకంలో ఉండే ఉంటుంది, అది వెతికి మీకు చూపిస్తాం. 1922 నాటి 'నీలగిరి' సంచిక ఒక్క పేజీ ఉన్నా, సగం చిరిగినదైనా, దయచేసి గ్రంథాలయంలో కబురు చేయండి."